పిట్టలు అయిపోయినా పాము ఎందుకు చావలేదు?

గువామ్ దీవి కథను చాలామంది రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ఎక్కడి నుంచో ఒక పాము వచ్చింది, పిట్టలన్నిటినీ తినేసింది. నిజమే. కానీ కాస్త ఆగి చూస్తే ఇందులో ఒక చిక్కుంది. చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో మనందరం చదువుకున్నాం: కుందేళ్లు తగ్గితే నక్కలూ తగ్గుతాయి, నక్కలు తగ్గాక కుందేళ్లు మళ్లీ పెరుగుతాయి. ఆ లెక్కన గువామ్‌లో పిట్టలు తగ్గుతుంటే పాములకూ కడుపు మాడాలి. మాడలేదు. పిట్టలు పూర్తిగా కనుమరుగయ్యాక కూడా అడవి నిండా పాములే. మనం విప్పాల్సిన ముడి ఇదే. పిట్టలు ఎలా పోయాయన్నది ఆ ముడి విప్పితే దానంతటదే తెలుస్తుంది.

ముందు దీవి సంగతి. తిరుపతి నుంచి దాదాపు అదే అక్షాంశం పట్టుకుని తూర్పుకు పోతే బంగాళాఖాతం, థాయ్‌లాండ్, కంబోడియా, వియత్నాం, ఆ తర్వాత ఫిలిప్పీన్స్ వస్తాయి. అదీ దాటి పసిఫిక్‌లో మరో రెండు వేల కిలోమీటర్లకు పైగా వెళ్తే గువామ్ తగులుతుంది. పొడవు సుమారు 48 కిలోమీటర్లు, విస్తీర్ణం 540 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఇక్కడి మూలవాసులు చమోరోలు. 1898 దాకా స్పెయిన్ ఏలుబడి, ఆ తర్వాత అమెరికా చేతికి వచ్చింది. మధ్యలో 1941 నుంచి 1944 దాకా జపాన్ సైన్యం ఆక్రమించింది. ఇప్పటికీ అది అమెరికా భూభాగమే. అక్కడి జనం అమెరికా పౌరులే గానీ అధ్యక్ష ఎన్నికల్లో వాళ్లకు ఓటు లేదు. అదో వేరే కథ.

చిన్న దీవే అయినా ఉత్తరానికీ దక్షిణానికీ పోలిక ఉండదు. దక్షిణం అగ్నిపర్వతాల నేల: ఎర్రమట్టి, వాగులు, గడ్డి పెరిగిన గుట్టలు. ఉత్తరం ఒకప్పుడు సముద్రం అడుగున ఉన్న పగడపు దిబ్బ, పైకి లేచి సున్నపురాయి పీఠభూమి అయింది. ఏడాదికి సుమారు 2,500 మిల్లీమీటర్ల వాన పడినా ఉత్తరాన చెప్పుకోదగ్గ ఏరు ఒక్కటీ లేదు. పడ్డ నీళ్లు పడ్డట్టే రాతిలోకి ఇంకిపోతాయి. అడుగున ఉప్పునీటి మీద మంచినీరు ఒక పొరలా తేలుతూ ఉంటుంది. ఊళ్ల దాహం చాలావరకు ఆ నీటితోనే తీరుతుంది. దీవిలో అన్నిటికన్నా ఎత్తైనది లామ్‌లామ్ కొండ, 406 మీటర్లు. మన తిరుమల కొండల్లో సగం కూడా ఉండదు. అయితే దీవికి నైరుతిగా సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలో మరియానా అగాధంలోని అతి లోతైన చోటు ఉంది. అక్కడ దాదాపు 11 కిలోమీటర్ల లోతు. ఆ అడుగు నుంచి కొలిస్తే ప్రపంచంలోకెల్లా ఎత్తైన కొండ మాదేనని అక్కడివాళ్లు గొప్ప చెప్పుకుంటారు. సరదాకే అనుకోండి, కానీ గువామ్ ఎంత ఒంటరిదో ఆ మాటలో తెలుస్తుంది.

ఆ ఒంటరితనమే మన కథకు మూలం. ఈ దీవి ఏనాడూ ఏ ఖండానికీ అతుక్కుని లేదు. మనిషి అడుగుపెట్టకముందు ఇక్కడికి ఏ జీవి చేరినా ఎగిరో, తేలుతూనో, కొట్టుకొచ్చో చేరాల్సిందే. అందుకే నేల మీది పాలిచ్చే జంతువుల్లో ఈ దీవికి సొంతం అనదగ్గవి గబ్బిలాలే. వాటిలో పళ్లు తినే పెద్ద గబ్బిలాన్ని చమోరోలు ఫనీహీ అంటారు. చెట్లెక్కి గూళ్లు దోచే పాము అనేదే లేదు.

పాము అసలే లేదా అంటే, ఉంది. పూలకుండీ మట్టి తిరగేస్తే వానపాములా మెలికలు తిరుగుతూ కనిపించే నల్లటి గుడ్డిపాము మనకు తెలిసిందే. అది గువామ్‌లోనూ ఉంది. చీమల గుడ్లు, చెదపురుగులు తిని బతికే అమాయకపు జీవి. శాస్త్రవేత్తలు ఈ జాతికి పేరు పెట్టడానికి ఆధారమైన నమూనా దొరికింది మన విశాఖపట్నంలోనే. ప్యాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో మన తీరంలోని పాములను బొమ్మలు గీయించి వివరించినప్పుడు, దీన్ని స్థానికులు పిలిచే ‘రెండు తలల పాము’ పేరుతోనే రాసుకున్నాడు. మగది లేకుండానే పిల్లలను కనగలదు కాబట్టి కుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, ప్రపంచమంతా తిరిగొస్తుంది. గువామ్‌లో ఉన్నవి రెండే రకాల పాములు: ఒకటి ఇది, రెండోది మన కథలోది.

ఆ రెండోది గోధుమ రంగు చెట్టుపాము. బోయిగా అనే ప్రజాతికి చెందింది. దీని చుట్టాలు మన దగ్గరా ఉన్నాయి. పిల్లికి ఉన్నట్టు నిలువు కనుపాపలు, సన్నటి ఒళ్లు, రాత్రి సంచారం. విషం ఉంది గానీ కోరలు నోట్లో వెనకగా ఉంటాయి. పెద్దవాళ్లకు ప్రాణభయం లేదు, పసిపిల్లలకు మాత్రం ప్రమాదమే. మామూలుగా ఒకటి రెండు మీటర్లు, అరుదుగా మూడు మీటర్ల దాకా పెరుగుతుంది. సొంత ఊళ్లు ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు తీరాలు, న్యూగినీ, దాని చుట్టుపక్కల దీవులు. రెండో ప్రపంచ యుద్ధంలో న్యూగినీకి ఉత్తరాన ఉన్న మానుస్ దీవిలో అమెరికా పెద్ద సైనిక స్థావరం పెట్టింది. యుద్ధం అయ్యాక అక్కడి సామాను ఓడల్లో గువామ్ రేవుకు తరలింది. ఆ సామాను సందుల్లో పాము కూడా వచ్చి ఉంటుందని అంచనా. తర్వాత చేసిన జన్యు పరీక్షలు కూడా మానుస్ వైపే వేలు చూపించాయి.

1950ల్లో రేవు పక్కన అక్కడక్కడా కనిపించింది. ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి కారణమూ లేదు. పగలంతా చెట్టు తొర్రలో చుట్ట చుట్టుకుని పడుకునే సన్నటి పాము, అదీ ఏ కోళ్లగూట్లోనో పిల్ల మాయమైతే తప్ప కంటబడనిది.

1960ల్లో దీవి దక్షిణాన పిట్టల చప్పుడు పలచబడింది. 1970లు వచ్చేసరికి అది మధ్య భాగానికి పాకింది. 1980ల మొదట్లో ఉత్తరపు అడవి ఒక్కటే మిగిలింది, అక్కడా రోజులు దగ్గరపడుతున్నాయి. అప్పుడు అనుమానాలు చాలా వాటి మీదికి పోయాయి. యుద్ధమప్పుడూ ఆ తర్వాతా దోమల కోసం డీడీటీ విరివిగా చల్లారు కాబట్టి మందు అన్నారు కొందరు. హవాయి దీవుల్లో పిట్టలను దోమలు మోసే మలేరియా చంపేస్తోంది కాబట్టి ఇక్కడా అదే జబ్బు అన్నారు ఇంకొందరు. తుఫాన్లు, వేట, అడవి నరికివేత, అన్నీ జాబితాలో ఉన్నాయి. పాము మాత్రం నిపుణుల జాబితాలో అట్టడుగున ఉంది. ఒక పాము ఒక దీవి అడవిని ఖాళీ చేసిందని అంతకుముందు ఎక్కడా ఎవరూ వినలేదు మరి. ఊళ్లో కోళ్లు పెంచుకునేవాళ్లకు మాత్రం ఈ విషయంలో పెద్దగా సందేహం లేదు.

జూలీ సావిడ్జ్ అనే యువ పరిశోధకురాలు ఆ ఊళ్లోవాళ్ల మాట విన్నది. పాము మీ వైపు మొదట ఎప్పుడు కనిపించిందని దీవంతా తిరిగి అడిగి రాసుకుంది. ఆ తేదీలను పటం మీద పెడితే, పాము పాకిన దారీ పిట్టలు పోయిన దారీ ఒకదాని మీద ఒకటి సరిపోయాయి. పిట్టలను ఎరగా పెట్టి బోన్లు అమర్చింది. పాములున్న చోట ఎర పిట్టలు త్వరత్వరగా మాయమయ్యాయి. జబ్బు కోసం వెతికితే దొరకలేదు, పురుగుమందు అవశేషాలు పిట్టలను చంపేటంత లేవు. ఇంకో ఆధారం కూడా ఉంది. పిట్టలు పోయిన చోటే చిన్న చిన్న ఎలుకలూ తగ్గిపోయాయి. పిట్టల మలేరియా ఎలుకను చంపదు కదా. ఆమె పరిశోధన 1987లో అచ్చయింది. అప్పటికి అడవి దాదాపు ఖాళీ. దోషి దొరికేసరికి నేరం పూర్తయిపోయింది.

ఇప్పుడు మన ముడి దగ్గరికి వద్దాం. పిట్టలు తగ్గుతుంటే పాములు ఎందుకు తగ్గలేదు?

జవాబు బల్లుల్లో ఉంది. ట్యూబ్‌లైటు పక్కన పురుగుల కోసం కాచుకుని టిక్ టిక్‌మనే మన ఇంటి బల్లుల్లో ఒక రకం మనిషి సామానుతో పాటు పసిఫిక్ దీవులన్నిటికీ పాకింది, గువామ్‌కు కూడా. దానికి తోడు న్యూగినీ వైపు నుంచి ఒక నలికిరి జాతి వచ్చి నేలంతా నిండిపోయింది. పైగా తగ్గినా పూర్తిగా పోని ఎలుకలు. ఇవి త్వరగా పెరుగుతాయి, ఎన్ని పోయినా మళ్లీ పుడతాయి. పైగా వీటిలో చాలా జాతులకు పాములతో కలిసి బతకడం కొత్త కాదు. పాముకు బల్లి రోజువారీ గంజి, పిట్ట పండగ భోజనం. పండగ రాకపోయినా గంజి దొరికితే మనిషి చావడు కదా, పామూ అంతే. పిల్లపాములు బల్లులు తిని పెరుగుతాయి, పెద్దవయ్యాక పిట్టలకు ఎక్కుతాయి. పిట్టలు సగమైనా, పావు వంతైనా, పది మిగిలినా, వేటాడే పాముల సంఖ్య మాత్రం దిగదు. ఒంటరిగా మిగిలిన ఆ పది పిట్టల మీద కూడా అన్ని పాముల కళ్లూ పడతాయి. కుందేలు, నక్క లెక్క ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఆ లెక్కలో నక్కకు రేషన్ కార్డు లేదు.

ఇంకో కారణం పాము ఒంటి తీరు. పిల్లికైతే రోజూ తిండి కావాలి. పాముది చల్లటి రక్తం, ఖర్చు తక్కువ. వారాల తరబడి తినకుండా చెట్టుకొమ్మ మీద ఊరకే ఉండగలదు. అందుకే ఒక దశలో ఒక్క హెక్టారులో, అంటే మన రెండున్నర ఎకరాల తోటంత అడవిలో, 50 నుంచి 100 దాకా పాములుంటాయని అంచనా వేశారు. దాని సొంత ఊళ్లలో ఇదే పాము పిట్టల మధ్యనే బతుకుతోంది. అక్కడ దాన్ని తినేవి ఉన్నాయి, దానితో పోటీపడేవి ఉన్నాయి, దాన్ని చూసి జాగ్రత్తపడే పిట్టలూ ఉన్నాయి. గువామ్ పిట్టలకు రాత్రిపూట కొమ్మ వెంట జరిగివచ్చే శత్రువు అనే ఊహే లేదు. భయం కూడా తరతరాలుగా నేర్చుకోవాల్సిన విద్యే.

ఏది ముందు పోయింది, ఏది తర్వాత అన్నది చూస్తే పాము నోటి కొలతే కనిపిస్తుంది. గుప్పెట్లో ఇమిడే చిన్న పిట్టలు ముందు పోయాయి. గువామ్‌లో తప్ప ఎక్కడా లేని ఒక చిన్న ఈగపిట్ట 1980ల్లో శాశ్వతంగా అంతరించింది. చమోరోలు ఆగా అనే మరియానా కాకి మాత్రం చాలాకాలం నిలబడింది. ఎందుకంటే పెద్ద కాకిని ఈ పాము మింగలేదు, గుడ్లనూ పిల్లలనూ మాత్రం వదలలేదు. ఏళ్లకు ఏళ్లు ఆ అడవిలో ముసలి కాకులే తిరిగాయి, కొత్త తరం లేదు. గూడున్న చెట్టు మొదలు చుట్టూ కరెంటు తీగలు చుట్టి కాపలా కాశారు, అయినా గువామ్ కాకి మిగల్లేదు. పక్కనున్న రోటా దీవిలో ఆ జాతి ఇంకా బతికుంది. ఫనీహీ గబ్బిలాలదీ ఇదే వరస. తల్లి మేతకు పోయినప్పుడు కొమ్మకు వదిలేసి వెళ్లిన పిల్ల తిరిగొచ్చేసరికి ఉండేది కాదు.

మొత్తం మీద అడవిలో స్థానికంగా ఉండే 12 రకాల పక్షుల్లో 10 గువామ్ అడవుల్లోంచి పోయాయి. మిగిలిన రెంటిలో ఒకటి గుహల గోడల మీద గూడు కట్టే చిన్న పిట్ట, ఇంకోటి సిమెంటు భవనాల మధ్య సర్దుకున్న ఒక గోరింక జాతి.

పిట్టలు పోతే అడవికి ఏమవుతుంది? కూతలు వినపడవు, అంతేనా? అంతే అనుకుంటే పొరపాటు. పిట్టలు అడవిలో పనిచేసే కూలీలు. ఒకరు పురుగులు ఏరతారు, ఇంకొకరు విత్తనాలు మోస్తారు. ఆ కూలీలు ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో గువామ్‌లో కళ్ల ముందే కనపడుతోంది. ఒక పక్క సాలీళ్లు పెరిగాయి. వానాకాలంలో గువామ్ అడవుల్లో పక్క దీవుల కన్నా 40 రెట్ల దాకా ఎక్కువ సాలీళ్లు ఉన్నట్టు 2012లో వచ్చిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. అక్కడ అడవిలో నడవాలంటే చేతిలో కర్ర ఉండాలి, మొహానికి అడ్డుపడే గూళ్లను ముందు దానితో తుడుచుకుంటూ పోవాలి.

చెట్ల సంగతి అంత త్వరగా కంటికి కనపడదు, కానీ ఇంకా లోతైనది. ఇక్కడి చెట్లలో ఎక్కువ శాతం తమ పళ్లను పిట్టలు తిని, గింజలను దూరంగా పడేస్తాయన్న ధీమా మీద బతికేవే. ఇప్పుడు పండు తల్లి చెట్టు కిందే రాలుతోంది. కొన్ని జాతుల గింజలు పిట్ట కడుపులోంచి బయటపడితేనే బాగా మొలకెత్తుతాయి. ఆ అవకాశమూ లేదు. మొలిచినా తల్లి నీడలోనే, ఒకే చోట గుంపుగా, తల్లిని పట్టిన తెగుళ్ల మధ్యనే. రెండు రకాల చెట్లను తీసుకుని లెక్కవేస్తే కొత్త మొక్కలు రావడం 61 నుంచి 92 శాతం దాకా తగ్గవచ్చని 2017లో తేలింది. ఆ రెంటిలో ఒకటి మన ఆయుర్వేదం అగ్నిమంథం అని వాడే చెట్టే. తుఫానుకు పెద్ద చెట్టు కూలి వెలుగు పడ్డ ఖాళీలో పక్క దీవుల్లోనైతే పిట్టలు తెచ్చిన గింజలు వెంటనే మొలుస్తాయి, గువామ్‌లో ఆ ఖాళీ ఖాళీగానే ఉండిపోతుంది. పాము ఒక్క ఆకు కూడా తినదు. అయినా అడవి పలచబడుతోంది.

మనుషులకూ తిప్పలు తప్పలేదు. కరెంటు స్తంభాలూ ఈ పాము దృష్టిలో చెట్లే. 1978 నుంచి 1997 మధ్య పాముల వల్ల 1,600కు పైగా సార్లు కరెంటు పోయింది.

మరి దీన్ని వదిలించుకోవడం ఎలా? ఓడరేవులో, విమానాశ్రయంలో బయటకు పోయే సామానును కుక్కలు వాసన చూస్తాయి. హవాయికి చేరితే ఇదే కథ మళ్లీ మొదలవుతుందన్న భయం. కంచెల మీద రాత్రిపూట టార్చిలైటు వేసి చేత్తో పట్టేవాళ్లున్నారు. ఎలుకను ఎరగా పెట్టిన బోన్లు సరేసరి.

ఆ గోరింకలను కాపాడటానికి స్తంభాల మీద గూటిపెట్టెలు పెట్టి, స్తంభానికి నున్నటి వెడల్పాటి రేకు గొట్టం తొడిగారు. పాము రెండు మూడు చుట్లు చుట్టి పట్టు బిగించలేనంత లావు గొట్టం. కెమెరాలో రికార్డయినది చూసి పరిశోధకులు నోరెళ్లబెట్టారు. పాము ఒళ్లంతటినీ ఒకే ఒక్క పెద్ద ఉచ్చులా గొట్టం చుట్టూ వేసింది, తోక కొసను తన ఒంటికే మెలేసి ముడి బిగించింది. ఆ ఉచ్చులో చిన్న చిన్న వంపులు పక్కకు జరుపుతూ అంగుళం అంగుళంగా పైకి పాకింది. మధ్యలో జారింది, ఆగింది, ఆయాసంతో ఒళ్లు ఎగసిపడింది, మళ్లీ మొదలుపెట్టింది. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నడుముకు మోకు వేసుకుంటాడు చూడండి, అలాగన్నమాట, కాకపోతే ఇక్కడ మోకూ తనే, ఎక్కేదీ తనే. పాములు ఇలా ఎక్కుతాయని 2021లో అది అచ్చయ్యేదాకా శాస్త్రానికి తెలియదు. ఆ పరిశోధన చేసినవాళ్లలో మన జూలీ సావిడ్జ్ కూడా ఉన్నారు.

అన్నిటికన్నా పెద్ద ఆశ పెట్టుకున్నది జ్వరం బిళ్ల మీద. పారాసిటమాలే. 80 మిల్లీగ్రాములు, అంటే మనం వేసుకునే 500 బిళ్లలో ఆరో వంతు చాలు, ఈ పాము రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వచ్చేస్తుంది. చచ్చిన చిట్టెలుకలో ఆ మందు పెట్టి, దానికి ఒక కాగితపు తోక తగిలించి హెలికాప్టర్‌లోంచి వదిలారు. తోక ఎందుకంటే ఎలుక నేలమీద పడకుండా కొమ్మల్లో చిక్కుకోవాలి, పాము తిరిగేది అక్కడే. 2013లో ఒక్క దఫాలోనే రెండు వేల ఎలుకలను సైనిక స్థావరం అడవి మీద ఇలా వదిలారు. ఆ తర్వాత ఎరలను యంత్రమే తయారుచేసి వదిలే పద్ధతి వచ్చింది. చాలా పాములు చచ్చాయి. కంచె కట్టిన 55 హెక్టార్ల అడవిలో పాములను తుడిచిపెట్టే ప్రయత్నమూ జరిగింది.

కానీ ఇక్కడా బల్లే అడ్డం పడింది. పిల్లపాములు ఎలుక జోలికి పోవు, వాటి తిండి బల్లులు. అందుకని ఎర పెద్దపాములను తీసేస్తుంది, పిల్లలు తప్పించుకుంటాయి. అవి ఎలుకను మింగేంత పెరిగేదాకా ఆగి మళ్లీ ఎర వేయాలి, మధ్యలో అవి పిల్లలను పెట్టకూడదు. పిట్టలు పోయాక పామును బతికించినదే ఇప్పుడు దాన్ని మందు నుంచీ కాపాడుతోంది.

ఈలోగా 1980ల్లో అడవి నుంచి ఆఖరి నిమిషంలో పట్టుకుని జూలకు పంపిన రెండు పక్షుల కథ ఇంకా నడుస్తోంది. ఎగరలేని కోకో అనే నీటికోడి లాంటి పక్షిని రోటాలోనూ, గువామ్‌ను ఆనుకుని ఉన్న చిన్న కోకోస్ దీవిలోనూ వదిలారు. 2019లో దాన్ని ‘అడవుల్లో అంతరించినవి’ జాబితాలోంచి తీసేశారు. మరుసటి ఏడాదే పాములు లేవనుకున్న కోకోస్ దీవిలో చెట్టుపాములు కనిపించాయి.

రెండోది సిహెక్, దాల్చినచెక్క రంగు ఛాతీ ఉన్న లకుముకి పిట్ట. అడవిలో ఆఖరిసారి 1988లో కనిపించింది. పట్టుకెళ్లిన 29 పక్షుల సంతతిలోంచి తొమ్మిదింటిని 2024లో పసిఫిక్ మధ్యలోని పాల్మైరా అనే పగడపు దీవిలో వదిలారు. గువామ్ అక్కడికి వేల కిలోమీటర్ల దూరం, కానీ పాములు లేని అడవి కావాలంటే అంత దూరం పోవాల్సి వచ్చింది. జూలో మనిషి చేతి తిండి తిని పెరిగిన ఆ పిట్టలు ఇప్పుడు కొమ్మ మీద కదలకుండా కూర్చుని, అదను చూసి కిందికి దూకి, తమ తిండి తామే పట్టుకుంటున్నాయి. సాలీళ్లు, పురుగులు, ఎక్కువగా బల్లులు.